ఆయన హైకోర్టు జడ్జి అయితే మా ఇంటి సంగతేంటి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది కర్నూలు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. మా ఆయన లాయరు, వయసు 49. హైకోర్టు హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ అక్కడ, 2019 నుంచి అమరావతిలో ప్రాక్టీసు. వారమంతా విజయవాడలో ఉండి శనివారం ఇంటికొస్తారు. పోయిన వారం ప్రధాన న్యాయమూర్తి పిలిపించి, "జడ్జి పదవికి మీ పేరు పంపాలనుకుంటున్నాం, ఆలోచించుకొని చెప్పండి" అన్నారట. ఈయన ఇంటికొచ్చి "నువ్వేమంటావ్?" అని నన్ను అడుగుతున్నారు. సంపాదన బాగా తగ్గిపోతుంది. ఇంటి లోను ఇంకా ఉంది. మా అబ్బాయి ఈ మధ్యే లాయరుగా ఎన్‌రోల్ అయ్యాడు, నాన్న ఆఫీసులోనే చేరదామని ఉన్నాడు. మా ఆడబిడ్డ వాళ్ళ భూమి తగాదా హైకోర్టులో ఉంది. ఈ సంగతి తెలిస్తే వాళ్ళు ఊరుకోరు. జడ్జీలకు స్నేహితులే ఉండరని కూడా అంటారు. కర్నూలుకు హైకోర్టు బెంచ్ వస్తే ఇంటికే వచ్చేస్తారు కదా అని మనసులో ఒక ఆశ. రాత్రిళ్ళు ఇదే టెన్షన్. ఒప్పుకోమనాలా, వద్దనాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, మీరు డబ్బు గురించి అడిగారు, బంధువుల గురించి అడిగారు, అబ్బాయి గురించి అడిగారు. అన్నింటికీ వస్తాను. కానీ మీవారికి ఆ పని నచ్చుతుందా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకోండి. లాయరుగా గెలిచినవాళ్ళందరికీ అప్పీళ్ళు వినే కుర్చీ సరిపడదు.

నేను జిల్లా జడ్జిగా రిటైరయ్యాను. సెషన్స్ కోర్టులో సాక్షి మా ముందే నిలబడతాడు. జవాబు చెప్పే ముందు కండువాతో మొహం తుడుచుకుంటాడు. ఒక్కోసారి బోనులో ఉన్నవాడి వైపు ఒక చూపు చూసి, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. ఆ చూపులో ఎంతో ఉంటుంది. హైకోర్టుకు అది చేరదు. అక్కడికి చేరేది టైపు చేసిన కాగితం. పీడబ్ల్యూ-3, అంటే ప్రాసిక్యూషన్ మూడో సాక్షి, చీఫ్‌లో (తన పక్షం లాయరు అడిగినప్పుడు) ఏమన్నాడు, క్రాస్‌లో (అవతలి లాయరు అడిగినప్పుడు) ఏమన్నాడు, అంతే. ఆ కాగితాల్లోంచే మనిషి నిజం చెప్పాడో లేదో పట్టుకోవాలి.

మన సీమ కేసే ఒకటి తీసుకోండి. ఊళ్ళో రెండు వర్గాలు. ఒక హత్య. ఏ-1 నుంచి ఏ-22 దాకా నిందితులు. అందరూ కొడవళ్ళు, గొడ్డళ్ళు, నాటుబాంబులతో వచ్చారని సాక్షులు ఒకే మాటగా చెబుతారు. సాక్షులందరూ అవతలి వర్గంవాళ్ళే. పాత ఐపీసీ 149, ఇప్పటి బీఎన్ఎస్ 190 ప్రకారం, ఒకే ఉద్దేశంతో గుమిగూడిన గుంపులో ఉన్నట్టు రుజువైతే కత్తి పట్టనివాడికీ హత్య నేరం అంటుకుంటుంది. కింది కోర్టు మొత్తం 22 మందికీ యావజ్జీవం వేసిందనుకోండి. అప్పీలులో కూర్చున్న ఇద్దరు జడ్జీలు ఒక్కొక్కరి పేరూ విడదీసి చూడాలి. ఎఫ్ఐఆర్‌లో ఈ పేరు ఉందా, తర్వాత చేరిందా? పంచనామాలో ఏముంది? పోస్ట్‌మార్టంలో ఉన్న గాయాలకూ, సాక్షి చెప్పిన దెబ్బలకూ లెక్క కుదిరిందా? వర్గంలో పెద్ద కొడుకు కాబట్టి పేరు ఎక్కించారా, నిజంగా అక్కడ ఉన్నాడా? గుంపు కేసుల్లో ఇద్దరో ముగ్గురో నమ్మదగిన సాక్షులు ఒకే తీరుగా చెబితేనే శిక్ష నిలబెట్టడం మేలని సుప్రీంకోర్టు 1964లోనే ఒక కేసులో చెప్పింది. ఈ పనికి గొంతు అక్కర్లేదు. రాత్రి పదింటికి కూడా పేజీ తిప్పే ఓపిక కావాలి. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే, హైకోర్టు ఖరారు చేసేదాకా అది అమలు కాదు. ఆ ఫైలు ఇంటికి వచ్చిన రోజుల్లో మనిషి అన్నం ముందు కూర్చొని కూడా ఇంట్లో ఉండడు. అది మీరు చూడాల్సి వస్తుంది.

సివిల్ వైపు ఇంకో రకం కష్టం. డోన్ వైపు ఏదో పల్లెలో నాలుగెకరాల మెట్ట మీద దాయాదుల దావా అనుకోండి. ఒకరి దగ్గర పట్టాదారు పాసుపుస్తకం, ఇంకొకరి దగ్గర అడంగల్ నకళ్ళు, మధ్యలో కోర్టు పంపిన కమిషనర్ గీసిన పటం. కింది కోర్టు ఒకటి తేల్చింది, మొదటి అప్పీలులో పై కోర్టు దాన్నే ఖాయం చేసింది. ఇక హైకోర్టుకు వచ్చేది సెకండ్ అప్పీలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద, గట్టి న్యాయ ప్రశ్న ఉంటేనే అందులో వేలు పెట్టాలి. ఫైలు చదివితే "అయ్యో, ఆ ముసలాయన చెప్పిందే నిజంలా ఉందే" అనిపించవచ్చు. అయినా వాస్తవాలు కింద రెండుసార్లు తేలిపోయాయి కాబట్టి చేతులు కట్టుకు కూర్చోవాలి. నిర్దోషి అని వదిలేసిన కేసుల్లోనూ ఇంతే. సాక్ష్యం నుంచి రెండు రకాలుగా అనుకునే వీలుంటే, కింది కోర్టు వదిలేసిన మనిషిని పై కోర్టు మళ్ళీ పట్టుకోకూడదు.

మీవారు ఇంటికొచ్చి "ఆ తీర్పు అన్యాయం" అని అన్నం మానేసే రకమా, లేక "తీర్పులో ఈ పేరా బలహీనం" అని కాగితం తీసి గీసుకునే రకమా? రెండో రకమైతే ఈ పని ఆయనదే. మొదటి రకమైతే లాయరుగానే ఉండనివ్వండి. ఆ కోపం కక్షిదారులకు పనికొస్తుంది, బెంచి మీద పనికిరాదు. ఈ మాట ఆయన కంటే మీకే బాగా తెలుసు. అందుకేనేమో మిమ్మల్ని అడిగారు.

ఇక డబ్బు. హైకోర్టు జడ్జి జీతం నెలకు 2,25,000 రూపాయలు. పైన డీఏ, ఇల్లు, కారు. ఊళ్ళో వింటే పెద్ద మొత్తమే. కానీ హైకోర్టులో బాగా నడుస్తున్న లాయరుకు అది కొన్ని రోజుల ఫీజు. రిటైర్మెంటు 62కి. అంటే మీవారికి పన్నెండు పదమూడేళ్ళ సర్వీసు. పెన్షన్ గురించి దిగులొద్దు. బార్ నుంచి (లాయరుగా ఉండి) వచ్చినా, కింది కోర్టు జడ్జీల సర్వీసు నుంచి వచ్చినా, అదనపు జడ్జిగా రిటైరైనా హైకోర్టు జడ్జీలకు పూర్తి పెన్షన్ ఏడాదికి 13.5 లక్షలు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 2014లో, లాయరుగా చేసిన పదేళ్ళను పెన్షన్ సర్వీసులో కలపాలని గెలుచుకున్నదీ మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి పి. రామకృష్ణంరాజు గారి కేసులోనే. కాబట్టి ముసలితనం గడుస్తుంది. ఇబ్బంది అంతా మధ్యలో ఈ పన్నెండేళ్ళు. మీ లోను ఈఎంఐ మీ ఇద్దరి జీతాల్లో ఇమిడేలా ఉందా? లేకపోతే ఎక్కడైనా ఖాళీ ప్లాటు ఉంటే ఇప్పుడే అమ్మి లోను తగ్గించుకోండి. క్లయింట్ల నుంచి రావాల్సిన పాత ఫీజులు ప్రమాణ స్వీకారానికి ముందే తేల్చుకోవాలి. జడ్జి అయ్యాక "మా బాకీ ఇవ్వండి" అని కక్షిదారుకు ఫోను చేయడం ఎంత అసహ్యంగా ఉంటుందో ఊహించుకోండి. ఇంకో మాట. జడ్జీలు ఆస్తుల వివరాలు ప్రధాన న్యాయమూర్తికి ఇవ్వాలని 1997లో తీర్మానం ఉంది. భార్య పేరిట ఉన్నవీ అందులోకి వస్తాయి. మీ పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్థలం కాగితాలు ఎక్కడున్నాయో చూసుకోండి.

మీ ఉద్యోగం మాత్రం వదలొద్దు. "జడ్జిగారి భార్యకు ఉద్యోగం ఏం ఖర్మ" అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. మా ఆయన బ్యాంకులో చేసేవారు. నేను జడ్జినయ్యాక ఆయన్ను కూడా ఇలాగే అడిగారు, కాకపోతే కొంచెం గొంతు తగ్గించి. ఇంట్లో ఒకరికి కోర్టుతో సంబంధం లేని లోకం ఒకటి ఉండాలి. స్టాఫ్ రూములో మీరు విన్న కబుర్లే ఆయనకు బయటి గాలి.

ఒప్పుకున్నా రేపే జడ్జి అయిపోరు. హైకోర్టు కొలీజియం, అంటే ప్రధాన న్యాయమూర్తి, తర్వాతి ఇద్దరు సీనియర్లు, పేరు పంపుతారు. రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం, ఇంటెలిజెన్స్ బ్యూరో విచారణ, కేంద్ర న్యాయశాఖ, సుప్రీంకోర్టు కొలీజియం, చివరికి రాష్ట్రపతి వారెంటు. ఇది నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు కూడా. ఈ లోపు బార్‌లో గుసగుస మొదలవుతుంది. "ఆయన జడ్జి అవుతున్నాడంట" అన్న మాట పాకిందంటే కొత్త కేసులు రావడం ఆగిపోతుంది. రేపో మాపో వెళ్ళిపోయేవాడికి ఫైలు ఎవరిస్తారు? పేరు ఖాయం కాకుండా, ప్రాక్టీసు పోయి, రెండూ చెడిన లాయర్లను చూశాను. అందుకని ఇప్పుడు ఈ మాట మీ ఇద్దరి మధ్యే ఉండాలి. ఆడబిడ్డకు వద్దు, మీ కాలేజీ ప్రిన్సిపాల్‌కూ వద్దు. ఇంకొకటి, కొందరిని మొదట రెండేళ్ళలోపు కాలానికి అదనపు జడ్జిగానే వేస్తారు, తర్వాత పర్మనెంట్ చేస్తారు. మామూలుగా చేస్తారు. చేయకపోతే మళ్ళీ నల్లకోటుతో కింద నిలబడాల్సి వస్తుంది. ఆ అవకాశం చిన్నదే అయినా లెక్కలో ఉంచుకోండి.

అబ్బాయి గురించి నాకు మొహమాటం లేదు. నాన్న ఆఫీసులో చేరడం అన్న ఆలోచన ఇక వదిలేయండి. ఆఫీసే ఉండదు కదా. సుప్రీంకోర్టు జడ్జీలు 1997లో తమకు తాము పెట్టుకుని, దేశమంతా హైకోర్టులకూ అందించిన నియమావళి ఒకటి ఉంది. దాని ప్రకారం కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు, దగ్గరి బంధువు ఎవరైనా లాయరైతే ఆ జడ్జి ముందు కేసు వాదించకూడదు, ఆయన ముందుకొచ్చే కేసుతో ఏ సంబంధమూ పెట్టుకోకూడదు. జడ్జి ఉండే ఇంట్లో వాళ్ళ ఆఫీసు నడపకూడదు. వేరే జడ్జి ముందు వాదించడానికి అడ్డు లేదు. కానీ తండ్రి జడ్జిగా ఉన్న హైకోర్టులోనే కొడుకు కొత్తగా మొదలుపెడితే, గెలిచిన ప్రతి కేసుకూ ఆ పేరే చెప్పుకుంటారు. పిల్లాడికే అన్యాయం అది.

కర్నూలు జిల్లా కోర్టులో మంచి ట్రయల్ లాయరు దగ్గర చేర్పించండి. ఆయన మీవారికి ఆప్తమిత్రుడు కాకపోతే ఇంకా మంచిది. నాలుగైదేళ్ళు సాక్షుల్ని క్రాస్ చేయనివ్వండి. కోర్టు గుమాస్తాల దగ్గర సీఏ (నకలు కోసం దరఖాస్తు) పెట్టడం, నకళ్ళు తీసుకోవడం, బెయిలు కాగితాలు సరిచూడటం, ఆదోని, పత్తికొండ కోర్టులకు బస్సులో వెళ్ళడం, ఇవన్నీ నేర్వనివ్వండి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలన్నా కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్ళీ పెట్టింది. కాబట్టి ఆ ఏళ్ళు ఎలాగూ వృథా కావు. ఇది పిల్లాడికి మీరు కాదు, నాన్నే చెప్పాలి. ఒప్పుకునే ముందే చెప్పాలి.

ఇక ఆడబిడ్డ. ఆమె భయపెడుతున్నదేమీ లేదు. ఆశపడుతోంది, అంతే. అసలు ఏ కేసు ఏ బెంచికి వెళ్ళాలో పంచేది ప్రధాన న్యాయమూర్తి. ఆ కేసు మీవారి దగ్గరికి రావడమే అరుదు. వచ్చినా ఆయన వినరు, వేరే బెంచికి పంపుతారు. మీవారు ఆ కేసులో వకాలతు వేసి ఉంటే ఇక చెప్పేదే లేదు. ప్రమాదం అక్కడ కాదు. "నీ పక్క కుర్చీ ఆయనకు ఒక మాట చెప్పకూడదా" అన్న దగ్గర ప్రమాదం. ఆ మాట వచ్చినప్పుడు నసగకండి. "వదినా, కాఫీ తాగు, భోంచేసి వెళ్ళు. కేసు మాట ఈ ఇంట్లో వద్దు. ఆయన చెబితే మీకే చెడ్డ, ఆ తీర్పు నిలవదు" అని ఒక్కసారి గట్టిగా అనండి. మొదటిసారి అలుగుతుంది. ఆర్నెల్లు పోతే పండక్కి వస్తుంది. మీరు మెత్తగా "చూద్దాంలే వదినా" అన్నారనుకోండి, ఇక ఆమె ఊళ్ళో అందరికీ చెప్పుకుంటుంది, "ఏమప్పా, నీ బామ్మర్ది జడ్జి అయినాడంటనే" అని ఆమె భర్తను పట్టుకునేవాళ్ళు మీ గేటు దాకా వస్తారు.

గేటు అంటే గుర్తొచ్చింది. ఎండాకాలం బనగానపల్లె మామిడిపళ్ళ బుట్ట ఒకటి, చీటీ లేకుండా, వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోతారు. బుట్టను చూస్తే కాయలే కదా అనిపిస్తుంది. పంపినవాళ్ళు ఎవరో తెలియదు కాబట్టి తిప్పి పంపడానికీ లేదు. అలాంటిది లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు మొదటిరోజే చెప్పాలి. బంధువులూ, స్నేహితులూ తప్ప ఎవరి కానుకా, ఎవరి ఆతిథ్యమూ తీసుకోకూడదన్నది కూడా ఆ 1997 నియమావళిలోదే. ఊళ్ళో దేవరకు (అమ్మవారి జాతరకు) పిలుస్తారు, శాలువా కప్పుతామంటారు, గుడి చందాల రశీదు పుస్తకం మీద ఆయన పేరు వేస్తామంటారు. చందాలు పోగుచేసే పనికి జడ్జి పేరు తగిలించకూడదు. దేవరకు వెళ్ళొచ్చు, గుంపులో ఒకరుగా వెళ్ళి అమ్మవారికి మొక్కి రావచ్చు.

స్నేహితుల మాట నిజమే. లాయరు మిత్రులతో సాయంత్రం టీ, ఆ నవ్వులు, ఆ పందేలు పోతాయి. బార్‌లో ఎవరితోనూ దగ్గరగా తిరగకూడదు. క్లబ్బు ఎన్నికల్లో నిలబడకూడదు. పేపరువాళ్ళతో మాట్లాడకూడదు, తీర్పే మాట్లాడాలి. తీర్పును ఎవరైనా తిట్టినా జవాబు ఇవ్వడానికి లేదు. చిన్నప్పటి స్కూలు స్నేహితులు, కోర్టు గుమ్మం తొక్కనివాళ్ళు, వాళ్ళు మిగులుతారు. వాళ్ళను ఇప్పట్నుంచే వదులుకోవద్దని ఆయనకు చెప్పండి.

బెంచ్ ఆశ గురించి. మన కర్నూలుకు హైకోర్టు అన్నది మా నాన్న తరం నుంచీ వింటున్న మాట. 1937లో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు అని. 1953లో రాజధాని కర్నూలుకొచ్చింది, 1954లో హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1956లో రెండూ హైదరాబాదు వెళ్ళిపోయాయి. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అని చట్టం చేశారు, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచ్ కావాలని శాసనసభ తీర్మానం చేసింది. రావాలనే నేనూ కోరుకుంటాను, ఆదోని రైతు అమరావతి దాకా బస్సు ఎక్కే బాధ తప్పుతుంది. కానీ బెంచ్ వచ్చినా అక్కడ ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తి. సొంత ఊరు, ఇరవై ఏళ్ళ క్లయింట్లు, చుట్టాలు ఉన్నచోట కూర్చోవడం మీవారికే ఇరకాటం.

దీనికి పూర్తిగా ఎదురు జరిగే అవకాశం కూడా ఉంది. రాజ్యాంగం 222వ అధికరణం కింద వేరే రాష్ట్రపు హైకోర్టుకు బదిలీ చేయవచ్చు. ఎమర్జెన్సీలో, 1976లో, 16 మంది హైకోర్టు జడ్జీలను అలాగే బదిలీ చేశారు. మన హైకోర్టు నుంచి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారిని పంజాబ్-హర్యానాకు పంపారు. ఆయన తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళారు. జాతీయగీతం పాడే వేళ గౌరవంగా నిలబడి, తమ మతవిశ్వాసం వల్ల గొంతు కలపని కేరళ పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, 1986లో వాళ్ళను మళ్ళీ చేర్చుకోమన్న తీర్పు ఆయన రాసిందే. అంతకుముందు హైకోర్టు ఆ పిల్లలకు వ్యతిరేకంగా చెప్పింది. మీవారు రాసిన తీర్పుల్ని కూడా పైన అలా కొట్టేస్తారు, కొన్నిసార్లు గట్టి మాటలతో. మర్నాడు పదిన్నరకు మళ్ళీ బెంచి ఎక్కాలి. బదిలీ అయితే మీరు వెంట వెళ్తారా, కర్నూలులోనే ఉంటారా అన్నది ఇప్పుడే ఒక మాట అనుకోండి. అప్పుడు అనుకునే తీరిక ఉండదు.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆయనకు ఫైలు చదవడం ఇష్టమై, అబ్బాయి వేరే ఆఫీసులో చేరడానికి ఒప్పుకొని, ఈఎంఐ మీ ఇద్దరి జీతాల్లో సర్దుకుంటుందనిపిస్తే ఒప్పుకోమనండి. మన జిల్లాల దావాలు, మన ఊళ్ళ పగలు ఎరిగినవాళ్ళు ఆ 37 కుర్చీల్లో ఒకరిద్దరు ఉండటం అవసరం. మూడింట్లో ఒక్కటి కుదరకపోయినా, "ఆలోచించాను, ఇప్పుడు వీలు కాదు" అని ప్రధాన న్యాయమూర్తికి మర్యాదగా చెప్పడంలో చిన్నతనం లేదు. ముందు ఒప్పుకొని ఫైలు ఢిల్లీ చేరాక వెనక్కి తగ్గడమే బాగుండదు.

మీ ఉత్తరంలో లేని మనిషి ఒకరున్నారు. మీవారి గుమాస్తా. హైదరాబాదులో ఉన్నప్పటి నుంచీ ఆయన ఫైళ్ళు మోసినవాడే అయ్యుంటాడు. ఆఫీసు మూసేస్తే ఆ వయసులో అతనికి ఇంకో ఆఫీసు దొరకడం కష్టం. జూనియర్లు ఎలాగో బతుకుతారు, క్లయింట్లు కొత్త వకీలు దగ్గరికి పోతారు. అతనికి ఎవరి దగ్గర చోటు చూపించాలి, చేతిలో ఎంత పెట్టాలి అన్నది లోను లెక్కతో పాటే వేయండి. కొలీజియం తీర్మానం బయటికొచ్చిన రోజు అతను వాట్సాప్‌లో చూసి తెలుసుకోకూడదు. ఆ రోజు మొదటి ఫోను అతనికే చేయమనండి.